దండ వేసిన ఫొటోకి రోజుకెంత?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర, ఈ నీళ్లకి సార్వా, దాళ్వా పండుతాయనుకున్నాడు. మూడో పంట ఆయన లెక్కలో లేదు. పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య, మొగల్తూరు నుంచి కృష్ణంరాజు, చిరంజీవి. గట్టు మీద కందిలా దాసరి, కోడి రామకృష్ణ లాంటి దర్శకులు సరేసరి.

ధాన్యానికి మద్దతు ధర ఉంది. తేమ 17 శాతం దాటిందని కోత పెట్టినా, ధరంటూ ఒకటుంది. నటుడికి అదీ లేదు. నమ్మకపోతే మా బావగారి సంగతి వినండి.

ఆయన ఇరవై ఏళ్లుగా చనిపోతున్నారు. అదే వృత్తి. సీరియల్లో తండ్రి వేషం. మొదటి వారం ఆస్తి రాస్తారు, రెండో వారం గుండె పట్టుకుంటారు, మూడో వారానికి హాల్లో ఫొటో అయిపోతారు. అసలు నటన అక్కణ్ణుంచే. కోడలు ఆ ఫొటోతో కష్టం చెప్పుకుంటుంది, విలనమ్మ దాని ముందే శపథం చేస్తుంది, ఎవరు ఉలిక్కిపడ్డా కెమెరా మూడుసార్లు దాని మీదికే వెళ్తుంది. ఆయన తొమ్మిది రోజులు పనిచేశారు, డబ్బు తొమ్మిది రోజులకే. ఫొటో మూడేళ్లుగా డ్యూటీలో ఉంది.

కుమారదేవం సినిమా చెట్టుకీ ఎవరూ ఏమీ ఇవ్వలేదనుకోండి. 300 సినిమాల్లో కనబడిందంటారు. 2024 ఆగస్టులో అది కూలితే పేపర్లన్నీ రాశాయి. మా బావగారు వారం వారం కూలుతున్నా ఒక్క ముక్క లేదు.

ఓసారి సినిమాలో కొబ్బరికాయల వ్యాపారి వేషం దొరికింది. ఒకటే డైలాగు: "లారీ రేపొస్తాదండి." పుట్టి బుద్ధెరిగిన భాషలో అన్నారు. "గోదావరి యాస రాలేదు సార్" అన్నాడు కుర్ర అసిస్టెంటు. మాకు 'ఆయ్' అంటే అవునండీ అని. సినిమావాళ్లకది ఉప్పు, పాయసంలోనూ వేస్తారు. ఎనిమిది టేకుల తర్వాత "ఆయ్! లారీ ఆయ్! రేపొస్తాదండి ఆయ్" అన్నాక ఓకే అయింది. ఆ సీను ఎడిటింగులో పోయింది. (మంచిదే. లేకపోతే ఊళ్లోకి రానిచ్చేవారు కాదు.)

మొన్న నరసాపురం బస్టాండులో ఒకావిడ ఆయన్ని చూసి కొయ్యబారిపోయింది. "అయ్యో, శుక్రవారమేగా మీ సంవత్సరీకం పెట్టారు!" అని కళ్లొత్తుకుంది. పూతరేకుల పొట్లం చేతిలో పెట్టి, "ఆస్తి ఆ పెద్దకోడలి పేరున రాయకుండా ఉండాల్సిందండి" అని మందలించింది కూడా. బావగారు తల దించుకుని నిలబడ్డారు. ఇరవై ఏళ్లలో అంత బాగా ఎప్పుడూ నటించలేదని నా అభిప్రాయం.

కాబట్టి నా డిమాండు సూటిది. గోడ మీది ఫొటోకీ రోజు లెక్కన కట్టాలి. దండ మార్చినప్పుడల్లా బత్తా ఇవ్వాలి. ఏడాదంతా ఒకే ప్లాస్టిక్ దండతో సరిపెడితే అవమానం కింద ఇంకో పది శాతం.

ఇదంతా రాసి అక్కకి చదివి వినిపించాను. ఆ ఫొటో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లిలోది, అక్కని కత్తిరించి వాడుకున్నారు. అక్క టీవీ దగ్గరికెళ్లి, ఫ్రేము అంచున మిగిలిన పట్టుచీర ముక్క మీద వేలు పెట్టింది.

"ఇది నా మోచెయ్యిరా. మూడేళ్ల నుంచీ వస్తోంది. దీనికెంతో కూడా రాయి."