డ్రమ్ము చక్రంతో ఇంట్లో ఏసీ నడుస్తుందా?

"పాత డ్రమ్ము, నాలుగు రేకులు, ఒక కారు ఆల్టర్నేటర్ చాలు. ఇంటి పక్కన చిన్న కాలువ ఉంటే ఏసీతో సహా అన్నీ ఫ్రీగా నడుస్తాయి" అనే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. నీళ్ల చక్రంతో కరెంటు రావడం నిజమే, వాళ్లు చెప్పే లెక్కలే తప్పు.

ముందు ఆ చిన్న కాలువ సంగతి. సెకనుకు ఎన్ని లీటర్లు పడుతున్నాయి, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి అన్నవే ఇక్కడ ముఖ్యం. సెకనుకు ఒక లీటరు, మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చేది 9.8 వాట్లు. 10 లీటర్లు 2 మీటర్ల నుంచి పడితే 196. చక్రంలో, బెల్టులో, జనరేటర్‌లో పోయేది పోగా సగం మిగిలితే గొప్పే, అంటే 100 వాట్లు. టన్నున్నర ఏసీ 1,500 వాట్ల దాకా లాగుతుంది! అలాగని ఈ 100 వాట్లను తీసిపారేయక్కర్లేదు. రాత్రీ పగలూ ఆగకుండా వస్తే రోజుకు 2.4 యూనిట్లు. బ్యాటరీలో నింపుకుంటే లైట్లకు, ఒకటి రెండు ఫ్యాన్లకు, ఫోన్లకు సరిపోతుంది. ఇంతవరకే చెప్పి ఉంటే నాకు పేచీ ఉండేది కాదు.

"చక్రం పెద్దదైతే కరెంటు ఎక్కువ" అన్నదీ తప్పే. నీరు దిగే ఎత్తు మీటరే అయితే ఎంత పెద్ద చక్రం పెట్టినా ఆ మీటరు శక్తే దక్కుతుంది. నీరు చక్రానికి ఎక్కడ తగులుతుందో చూడాలి. పైనుంచి నీరు పడే చక్రం, కింద ప్రవాహం తోసే చక్రం కంటే సుమారు రెట్టింపు పని చేస్తుందని ఇంగ్లండ్ ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లోనే ప్రయోగాలతో చూపించాడు. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది రెండో రకం.

ఇక ఆల్టర్నేటర్, అంటే కారు ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్. నిమిషానికి వెయ్యి చుట్లు దాటితే గానీ అది సరిగ్గా ఛార్జ్ చేయదు. మీటరున్నర చక్రం తిరిగేది 20 చుట్ల దగ్గర. వేగాన్ని యాభై రెట్లు పెంచాలంటే వరసగా పుల్లీలు పెట్టాలి, ప్రతిచోటా కొంత శక్తి పోతుంది. తక్కువ చుట్లకే పనిచేసే పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్ నయం.

అన్నిటికంటే విడ్డూరం, "కాలువ లేకపోయినా ఫర్లేదు, మేడ మీది ట్యాంకు నీళ్లతో చక్రం తిప్పి, ఆ కరెంటుతోనే మోటారు వేసి నీళ్లు మళ్లీ పైకి ఎక్కించండి" అనడం. వెయ్యి లీటర్లు 10 మీటర్ల నుంచి దిగితే, ఏమీ వృథా కాకపోయినా, వచ్చేది 0.027 యూనిట్. 10 వాట్ల బల్బు మూడు గంటలు కూడా వెలగదు. అవే నీళ్లు పైకి ఎక్కించడానికి మోటారు అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది. వీడియోలో అది ఆగకుండా తిరుగుతోందంటే, కెమెరాకు కనిపించని వైరు ఒకటి ఎక్కడో ప్లగ్గులో ఉన్నట్టే.