‘లైట్’ సిగరెట్ మోసం రుజువైంది, నష్టం లెక్క దగ్గరే కేసులు ఓడాయి

‘లైట్’ పేరుతో అమ్మిన సిగరెట్‌ ఫిల్టర్ చుట్టూ ఉండే కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే, నోట్లో పెట్టుకునే కొసకు కాస్త అవతల సన్నని చిల్లుల వరుస కనిపిస్తుంది. దమ్ము లాగినప్పుడు వాటిలోంచి గాలి చొరబడి పొగను పలచన చేస్తుంది. అమెరికాలో 1967 నుంచి వాడిన పరీక్ష యంత్రం నిమిషానికి ఒక్క దమ్ము లాగేది. ఆ దమ్ము రెండు సెకన్లు, 35 మిల్లీలీటర్లు. యంత్రానికి వేళ్లు, పెదాలు ఉండవు కాబట్టి చిల్లులు తెరిచే ఉండేవి, తారు (పొగలోని జిగట పదార్థం) తక్కువ అని తేలేది. మనిషి వేళ్లు, పెదాలు ఆనేది సరిగ్గా ఆ చిల్లుల మీదే. పైగా ఒంటికి అలవాటైన మోతాదులో నికోటిన్ అందకపోతే ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసార్లు లాగుతాడు. దాంతో ఊపిరితిత్తుల్లోకి చేరే తారు మామూలు సిగరెట్‌కు ఏమీ తీసిపోదు.

ఈ సంగతి కంపెనీలకు దశాబ్దాలుగా తెలుసు. వాషింగ్టన్ ఫెడరల్ జడ్జి గ్లాడిస్ కెస్లర్ 2006 ఆగస్టులో ఇచ్చిన 1,600 పేజీలకు పైబడిన తీర్పులో ఆ మాట స్పష్టంగా రాశారు. అది అమెరికా ప్రభుత్వం వేసిన కేసు. మరి ఆ పెట్టెలు కొన్న లక్షలాది మంది వేసిన క్లాస్ యాక్షన్లు, అంటే సామూహిక దావాలు, ఎందుకు వరసగా కూలిపోయాయి? నా ఉద్దేశంలో మోసాన్ని నిరూపించడంలో లోపం పెద్దగా లేదు. పోయిన డబ్బెంతో, అది ఎవరిదో కోర్టు ఒప్పుకునేలా చెప్పలేకపోవడమే అసలు లోపం. మన దేశంలో ఇలాంటి కేసు గురించి ఆలోచించేవారు ముందు ఆ చిక్కును అర్థం చేసుకోవాలి.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, మ్యాడిసన్ కౌంటీలో మార్ల్‌బోరో తయారుచేసే ఫిలిప్ మోరిస్‌పై నడిచిన ప్రైస్ కేసు దీనికి మంచి ఉదాహరణ. అందులో జబ్బుకు పరిహారం అడగలేదు. జబ్బు అంటే ఒక్కొక్కరి ఆరోగ్య చరిత్రా విడిగా తవ్వాల్సి వస్తుంది, అప్పుడు క్లాస్, అంటే ఒకే దావాలో చేరిన గుంపు, నిలవదు. ఒకే దేశవ్యాప్త క్లాస్ కింద వ్యసనపరులందరినీ చేర్చిన కాస్టానో కేసు 1996లో అలాగే విడిపోయింది. అందుకే న్యాయవాదులు ‘లైట్ అని నమ్మి కొన్నాం, అది లైట్ కాదు, మా డబ్బు మాకివ్వండి’ అన్నంతవరకే పరిమితమయ్యారు. 2003 మార్చిలో జడ్జి నికొలస్ బైరన్ 1,010 కోట్ల డాలర్లు చెల్లించాలన్నారు. అప్పీలు చేయాలంటే 1,200 కోట్ల డాలర్ల బాండు, అంటే హామీ మొత్తం, కట్టమన్నారు. కంపెనీ దివాలా తీస్తే సిగరెట్ కంపెనీలు రాష్ట్రాలతో 1998లో చేసుకున్న ఒప్పందం ప్రకారం తమకు రావాల్సిన వాయిదాలు ఆగిపోతాయన్న భయంతో రాష్ట్రాల అటార్నీ జనరళ్లే బాండు తగ్గించమని కోరారు. దోషి కట్టే డబ్బు మీద ప్రభుత్వాలు ఆధారపడితే ఏమవుతుందో అక్కడ కనబడింది.

2005 డిసెంబరులో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ‘లైట్’ అన్న మాటను వ్యాపార పద్ధతులపై నిఘా ఉంచే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనుమతించిందన్నది కారణం. మూడేళ్లకు, 2008 డిసెంబరులో, మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన, ఫిలిప్ మోరిస్ మాతృసంస్థ ఆల్ట్రియాకూ గుడ్ అనే వాదికీ మధ్య నడిచిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఫెడరల్ చట్టం ఇలాంటి దావాలకు అడ్డు కాదంది. కమిషన్ కూడా ఆ మాటను తానెప్పుడూ ఆమోదించలేదని చెప్పింది. అయినా ప్రైస్ కేసు మళ్లీ లేవలేదు. 2015లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ప్రక్రియకు సంబంధించిన కారణంతో దాన్ని ముగించింది.

అసలు ముడి ధర దగ్గర పడింది. లైట్ పెట్టె, మామూలు పెట్టె ఒకే ధరకు అమ్మారు. అలాంటప్పుడు మోసం వల్ల కొనుగోలుదారు ఎంత ఎక్కువ కట్టినట్టు? నిజం తెలిస్తే జనం ఎంత తక్కువ ఇచ్చేవారో సర్వేలతో లెక్కగట్టి నిపుణులు కోర్టుకు చెప్పారు. కంపెనీల లాయర్లు వెంటనే, కొందరు రుచి కోసం కొన్నారు, కొందరు స్నేహితులు తాగుతున్నారని కొన్నారు, లైట్ అన్న మాట నమ్మిందెవరో ఒక్కొక్కరినీ అడగాలి అన్నారు. న్యూయార్క్‌లో జడ్జి జాక్ వైన్‌స్టీన్ 2006లో అనుమతించిన క్లాస్, అంటే 80,000 కోట్ల డాలర్ల దాకా అడిగిన కేసు, 2008లో అప్పీలు కోర్టులో కూలింది ఈ వాదనతోనే. అందరి నష్టాన్ని కలిపి ఒక్క ముద్దగా లెక్కగట్టి తర్వాత పంచుకుంటామనడాన్ని కోర్టు ఒప్పుకోలేదు. 2010లో మెయిన్ ఫెడరల్ కోర్టు కూడా క్లాస్‌ను నిరాకరించింది. మసాచుసెట్స్‌లో ఆస్పినాల్ కేసు మాత్రం 1998 నుంచి నడిచి 2016లో గెలిచింది. అక్కడి చట్టం నష్టం రుజువు కాకపోయినా మనిషికి 25 డాలర్లు ఇవ్వాలంటుంది. మొత్తం దాదాపు 49 లక్షల డాలర్లు, వడ్డీ వేరు. పద్దెనిమిదేళ్ల పోరాటానికి అది చిన్న మొత్తమే. అయినా చట్టంలోనే ఒక కనీస అంకె ఉంటే కేసు నిలుస్తుందని అక్కడే తెలిసింది.

ఇంకో దారి కెనడాలోని క్యూబెక్ ప్రావిన్సు చూపింది. 1998లో వేసిన బ్లే, లెతూర్నో కేసుల్లో జడ్జి బ్రయాన్ రియోర్డాన్ 2015లో మూడు కంపెనీలు 1,500 కోట్ల కెనడా డాలర్లకు పైగా చెల్లించాలన్నారు. ఒక్కొక్కరినీ కోర్టుకు పిలవకుండా ఆయన ఒక హద్దు గీశారు: 1998 నవంబరు 20లోపు కనీసం 12 ‘ప్యాక్ ఇయర్లు’ కాల్చినవారు, ఫలానా జబ్బులు 2012 మార్చి 12లోపు నిర్ధారణ అయినవారు. రోజుకు 20 చొప్పున 12 ఏళ్లు అంటే 87,600 సిగరెట్లు. రోజుకు 10 కాల్చినవారికి అదే లెక్క 24 ఏళ్లు. జబ్బుకు, పొగాకుకు ఉన్న సంబంధాన్ని గణాంకాలతో నిరూపించవచ్చని 2009లో అక్కడ చట్టం చేశారు. ఆ హద్దు, ఈ చట్టం లేకపోతే ఇదీ ఇల్లినాయ్ దారే పట్టేది. 2019లో అప్పీలు కోర్టు సమర్థించగానే మూడు కంపెనీలూ రుణదాతల నుంచి రక్షణ కోరాయి. చివరికి 2025 మార్చిలో 3,250 కోట్ల డాలర్ల పథకాన్ని కోర్టు ఆమోదించింది. అందులో సింహభాగం ప్రావిన్సుల ప్రభుత్వాలకే. క్యూబెక్ క్యాన్సర్ బాధితులకు గరిష్ఠంగా లక్ష డాలర్లు. వ్యసనానికి పరిహారం అడిగిన లెతూర్నో క్లాస్ సభ్యులకు చేతికి ఏమీ రాదు, వారి తరఫున 13.1 కోట్ల డాలర్లు పరిశోధన ఫౌండేషన్‌కు వెళ్తుంది. 27 ఏళ్లలో చాలామంది వాదులు చనిపోయారు. దీన్ని గెలుపు అనడానికి మనసు ఒప్పుకోదు.

మన దగ్గరికొస్తే, 2008 ప్యాకేజింగ్ నిబంధనలు ‘లైట్’, ‘మైల్డ్’, ‘లో టార్’ వంటి మాటలను పెట్టె మీద నిషేధించాయి. కానీ మాట పోతే రంగు వస్తుంది. అమెరికాలో 2010లో నిషేధం రాగానే మార్ల్‌బోరో లైట్స్ మార్ల్‌బోరో గోల్డ్ అయింది. ఇకపై బంగారు రంగు పెట్టె అడగండని కంపెనీ పెట్టెల మీదే చీటీ అంటించింది. ఇక్కడ తెలుగు ఊళ్ల కిళ్లీ కొట్టులో ఒక్కో సిగరెట్ విడిగా అమ్ముతారు. పెట్టె మీద సగానికి పైగా ఉండే బొమ్మ హెచ్చరిక కొనేవాడికి కనిపించదు, బిల్లు రాదు. కొన్నానని రుజువు చేయడమే ఇక్కడ మొదటి అడ్డంకి.

దీనికి సరిపోయే సెక్షన్ మన వినియోగదారుల రక్షణ చట్టం 2019లోనే ఉంది. సెక్షన్ 35(1)(సీ) ప్రకారం ఒకే ప్రయోజనం ఉన్నవారందరి తరఫున వినియోగదారుల కమిషన్ అనుమతితో ఒకరు ఫిర్యాదు చేయవచ్చు. అంతకన్నా పదునైనది సెక్షన్ 39. నష్టపోయినవారు ఎక్కువమంది ఉండి, వారిని సులభంగా గుర్తించలేకపోతే కమిషన్ ఒక మొత్తం చెల్లించమని ఆదేశించవచ్చు. అది ఆ లోపభూయిష్ట వస్తువుల అమ్మకం విలువలో కనీసం 25 శాతం ఉండాలి. 1986 చట్టంలో ఇది 5 శాతమే. న్యూయార్క్ కోర్టు కాదన్న ముద్ద లెక్క ఇక్కడ చట్టమే ఇచ్చింది. ‘సిగరెట్‌లో లోపం ఎక్కడుంది?’ అని కంపెనీ అడుగుతుంది. సెక్షన్ 2(10)లో జవాబు ఉంది: అమ్మేవాడు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత లేకపోవడమూ లోపమే.

వేసేటప్పుడు రెండు పొరపాట్లు చేయకూడదు. జబ్బునూ ధరనూ ఒకే ఫిర్యాదులో కలిపితే ‘ఒకే ప్రయోజనం’ అన్న షరతు అక్కడే పోతుంది. సెక్షన్ 69 గడువు రెండేళ్లు, కాబట్టి ఎప్పుడో మారిన పాత పెట్టె మీద కాక ఇప్పుడు అమ్ముతున్న బ్రాండు మీదే వేయాలి. పెట్టెకు అన్ని వైపులా ఫొటోలు, కొట్టులో పెట్టిన బోర్డు ఫొటో, తేదీ ఉన్న యూపీఐ చెల్లింపు వివరం, ఫిల్టర్ చిల్లుల మీద ల్యాబ్ నివేదిక ఉండాలి. ఒంటరి వ్యక్తి కన్నా నమోదైన వినియోగదారుల సంఘం, లేదా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వేస్తే బలం. ఆ సంస్థకు తప్పుదోవ పట్టించే ప్రకటనపై 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం సొంతంగా ఉంది. సిగరెట్ కంపెనీకి ఆ జరిమానా ఒక లెక్కలోది కాదు, 25 శాతం మాత్రం లెక్కలోదే.