సంక్షేమానికి పెట్టుబడి పెడుతున్నది ఉద్దెర ఖాతాలే

మధ్యాహ్న భోజన బిల్లులు పెండింగ్‌లో పడటం, వంట ఏజెన్సీల మహిళలు కలెక్టరేట్ల ముందు ధర్నాకు కూర్చోవడం వరంగల్, ములుగు, మహబూబాబాద్ జిల్లాల పాఠకులకు కొత్త కాదు. దీన్ని పరిపాలనా జాప్యం అనడం మానుకోవాలి. చిన్న సరఫరాదారుల దగ్గర ప్రభుత్వం మిత్తి లేకుండా తీసుకుంటున్న అప్పు ఇది.

బియ్యం సర్కారు ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు వంట ఏజెన్సీయే కొని, వండి, ఆ తర్వాత బిల్లు పెట్టుకోవాలి. ఆ డబ్బు వచ్చేదాకా కిరాణా దుకాణంలో ఉద్దెర తప్పదు, ఉద్దెరకు ఇచ్చే సరుకుకు ధర ఎక్కువే పడుతుంది. రోడ్డు కాంట్రాక్టరు బిల్లు రాకపోతే పని ఆపగలడు. బడి పిల్లలకు వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించిన దేశంలో వంటామె పొయ్యి ఆర్పలేదు, ఆర్పడానికి ఆమెకు మనసూ రాదు. ఆ మంచితనం మీద ఖజానా తన సర్దుబాట్లు చేసుకుంటున్నది.

చట్టం లేక కాదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. కానీ మళ్లీ ఆర్డరు ఇవ్వాల్సిన ఆఫీసు మీదనే ఫిర్యాదుకు వెళ్లేదెవరు? హాస్టళ్లకు కూరగాయలు కొని అమ్మే వ్యాపారికి ఆ రక్షణ కూడా లేదు, ఎందుకంటే 2021లో వ్యాపారులను ఈ పరిధిలోకి తెచ్చింది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసం మాత్రమే. గడువు మీరిన బకాయిని ఖర్చుగా చూపనివ్వని ఆదాయపు పన్ను నిబంధన 2024 నుంచి ప్రైవేటు కంపెనీలను దారికి తెస్తున్నా, ఆ పన్నే కట్టని ప్రభుత్వ శాఖలకు అది తగలదు.

ఈ ఆలస్యం టెండరులో రాయని అర్హతగా మారుతున్నది. నెలల తరబడి డబ్బు రాకున్నా తట్టుకోగల పెద్ద కాంట్రాక్టరే చివరికి మిగులుతాడు. ఊరి మహిళా సంఘం తప్పుకుంటుంది, దానితోపాటు పిల్లల పేర్లు తెలిసిన చేయి కూడా తప్పుకుంటుంది.

ఖజానాకు రాబడి ఒకే రోజు రాదని, మధ్యాహ్న భోజనంలో కేంద్రం భరించాల్సిన 60 శాతం వాటా విడతలుగా వస్తుందని, దొంగ బిల్లులను వడకట్టాలని అధికారులు అంటారు. తనిఖీకి 45 రోజులు చాలు. కేంద్రం వాటా ఆలస్యమైతే ఆ భారం మోయాల్సింది రాష్ట్రమే గాని వంటామె కాదు.

రిజర్వ్ బ్యాంకు ద్వారా అమ్మిన బాండ్లకు రాష్ట్రం తేదీ తప్పకుండా మిత్తి కడుతుంది, ఆ అప్పును బడ్జెట్ పత్రాల్లో చూపుతుంది. సంక్షేమ బిల్లుల బకాయిని కూడా అప్పుల పట్టికలోనే జిల్లాలవారీగా చూపాలి. వచ్చిన తేదీ క్రమంలో బిల్లులు చెల్లిస్తూ, ఆ వరుసను ట్రెజరీ గోడ మీద అంటించాలి. 46వ రోజు నుంచి మిత్తి, ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే, బిల్లుకు కలవాలి.