సవరణ: 'నైస్' విషయంలో తప్పు నాదే

పోయిన వారం 'నైస్' గురించి రాస్తూ, ఆ మాటకు మొదటినుంచీ 'మంచి' అనే అర్థమే ఉందనీ, 'నైసుగా రుబ్బు' అనడం మన వంటింటి తప్పు ఇంగ్లీషనీ తేల్చేశాను. రెండూ తప్పే.

దీని మూలం లాటిన్ 'నెస్కియస్'. అంటే ఏమీ తెలియనివాడు. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఎవరినైనా 'నైస్' అంటే తెలివితక్కువవాడని తిట్టినట్టే! తర్వాత అతి సుకుమారం, ప్రతిదానికీ వంకలు పెట్టే గుణం, అక్కణ్నుంచి సూక్ష్మం, కచ్చితం అనే అర్థాలు వచ్చాయి. 'బాగుంది' అనే వాడుక 18వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. ఇప్పటికీ 'నైస్ డిస్టింక్షన్' అంటే మంచి తేడా కాదు, సన్నని తేడా.

నిన్న తిరుపతిలో మా వీధి పిండి మిషను దగ్గర ఒకామె రాగుల డబ్బా దించి, "బరకగా వద్దన్నా, నైసుగా పట్టు" అంది. ఆయన వేళ్ల మధ్య పిండి నలిపి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మిషన్లో పోశాడు. ఆమె మాటను తప్పనడానికి ఇక నాకు నోరు రాలేదు. 'నైసుగా జారుకున్నాడు' అనే వాడుక సంగతి ఇంకోసారి.