గట్టు మీద కాపురం

పొలం గట్టు తగాదా ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏటా దుక్కి దున్నేటప్పుడు నాగలి అటు జానెడు జరుగుతుంది. ఇదేంటయ్యా అని అడిగితే, "గట్టు మా తాత కాలం నుంచీ ఇక్కడే ఉంది కదా" అంటాడు పక్క పొలం ఆసామి, ఏమీ ఎరగనట్టు. ఆ మొహాన్ని నేను ఫుట్‌బాల్ మైదానంలో ఒక్కడికే చూశాను. పేరు ఫిలిప్పో ఇన్‌జాగి, గోల్స్ కొట్టడమే పనిగా ఉన్న ఇటలీ ఆటగాడు. ఇటలీవాళ్లకు ముద్దుగా పిప్పో.

నిబంధన చిన్నదే. మీవాడు బంతి అందించే క్షణంలో మీరు అవతలివాళ్ల సగంలో ఉండి, బంతి కంటే, వాళ్ల చివరి నుంచి రెండో ఆటగాడి కంటే గోలుకు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్. చివరివాడు మామూలుగా గోల్‌కీపరే కాబట్టి ఆ రెండోవాడు ఒక డిఫెండర్. ఆయన కదిలితే గట్టూ కదులుతుంది. 1990 దాకా సరిగ్గా గట్టు మీద నిలబడినా తప్పే. ఆ ఏడాది సవరించి, సమానంగా ఉంటే ఫరవాలేదన్నారు. అప్పటికి పియచెంజా ఊళ్లో పదిహేడో ఏడు నిండబోతున్న ఒక కుర్రాడి కోసమే ఈ సవరణ చేశారనడానికి ఆధారాల్లేవు. అనుమానం మాత్రం బలంగా ఉంది.

ఇక ఆయన ప్రతిభ సంగతి. దీని మీద నిపుణులందరిదీ ఒకటే మాట: లేదు. నలుగురిని తప్పించుకుని పోయే విద్య రాదు. ముప్ఫై గజాల నుంచి కొట్టే షాట్ లేదు. పరుగు పందెంలో పెద్దగా గెలిచే కాళ్లూ కావు. ఆఫ్‌సైడ్‌లోనే పుట్టి ఉంటాడని మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ అన్నాడట. ఇలాంటివాడు 1996-97లో అటలాంటా తరఫున 24 గోల్స్ కొట్టి ఇటలీ అగ్ర లీగ్ సిరీ ఆలో గోల్స్ లెక్కలో అందరికంటే పైన నిలిచాడు. వెంటనే యువెంటస్ కొనుక్కుంది, అక్కడ మొదటి ఏడాదే లీగ్ గెలిచాడు. 2001లో మిలాన్‌కు పోయి 2012 దాకా అక్కడే. మొత్తం మీద సిరీ ఆలో 156 గోల్స్, యూరప్ పోటీల్లో 70, దేశం తరఫున 57 మ్యాచుల్లో 25.

చిన్నప్పటి నుంచి బంతిని కాలి మీద ఆడిస్తూ వీధులన్నీ తిరిగిన కళాకారులకు ఇది తీరని అన్యాయం. యువెంటస్‌లో జిదాన్, దెల్ పియరో చెమటోడ్చి వండితే, విస్తరి ముందు సరిగ్గా వడ్డించే వేళకు ఈయన కూర్చుని ఉండేవాడు. వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవై కూరలు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

2007 మే 23, ఏథెన్స్, యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. లివర్‌పూల్ మీద మిలాన్. మన గడియారంలో అర్ధరాత్రి దాటి పావుగంటకు మొదలైంది. ఒంటిగంట అవుతుండగా, ఇక విరామం ఇస్తారు, కాస్త నడుం వాలుద్దాం అనుకునేలోపు మిలాన్ ఆటగాడు పిర్లో ఫ్రీకిక్ కొట్టాడు. బంతి దారిలో పిప్పో ఉన్నాడు. అది ఆయన భుజం దగ్గరెక్కడో తగిలి దారి మార్చుకుని లోపలికి పోయింది. గోల్‌కీపర్ రెయినా అప్పటికే ఇంకో వైపు దూకేశాడు. భుజమా, చేయా అన్న వాదన ఈనాటికీ తెగలేదు. ఆయన మాత్రం గంటకొట్టి గోలు ప్రకటించేవాడిలా అరుస్తూ పరిగెత్తాడు. నిద్రమత్తు వదిలిన నాకు ఒకటి అర్థమైంది: అడ్డం నిలబడటం కూడా ఒక వృత్తే. ఆ తర్వాత కకా పాస్ అందుకుని, రెయినాను తప్పించి రెండోది కొట్టాడు. 2-1తో కప్పు మిలాన్‌ది.

అంతకుముందు ఏడాది ప్రపంచకప్‌లో, హాంబుర్గ్‌లో జరిగిందే నాకు మరీ ఇష్టం. జూన్ 22, చెక్ రిపబ్లిక్‌తో మ్యాచ్, 87వ నిమిషం. ఇటలీ 1-0 ముందుంది. చెక్‌వాళ్లంతా గోల్ కోసం ముందుకు వచ్చేశారు, వెనక పొలమంతా ఖాళీ. పిప్పో బంతితో ఉరుకుతున్నాడు. ఎదురుగా ఒకే ఒక్కడు, దేశం పేరే ఇంటిపేరుగా పెట్టుకున్న గోల్‌కీపర్ పీటర్ చెక్. పక్కనే తోటి ఇటలీ ఆటగాడు సిమోనె బరోనె కూడా పరిగెడుతున్నాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు. స్కూలు పిల్లాడైనా బంతి అటు తోస్తాడు. పిప్పో తోయలేదు. చెక్‌ను తప్పించి ఖాళీ గోల్‌లోకి తానే నెట్టాడు. ఆ టోర్నీలో ఆయన ఆడింది ఆ ఒక్క మ్యాచే, గోలూ అదొక్కటే. బరోనెకు ఒక్కటీ లేదు. పొలం గట్టు దగ్గర బంధుత్వాలు పనికిరావని పల్లెల్లో అందరికీ తెలుసు, పాపం బరోనెకు ఎవరూ చెప్పినట్టు లేరు.

సోమరి అనుకునేరు. ఏళ్ల తరబడి ఉడికించిన తెల్ల పాస్తా, ఉప్పులో ఊరేసి ఆరబెట్టిన మాంసం ముక్కలు తప్ప ఇంకో రుచి తెలియకుండా బతికిన మనిషి. గట్టు మీద కాపురం పెట్టడానికి కూడా అంత పథ్యం కావాలన్నమాట.

37 ఏళ్ల వయసులో, 2010 నవంబరులో, రియల్ మాడ్రిడ్ మీద మ్యాచ్ మధ్యలో దిగి రెండు కొట్టాడు. రెండోది గత్తూసో పాస్ మీద. టీవీలో మళ్లీ చూపిస్తే మనవాడు గట్టు అవతల నిలబడి ఉన్నాడు. ఆఫ్‌సైడ్ చూపించాల్సిన గీత పక్క రిఫరీ జెండా లేవలేదు. వారం తిరిగేసరికి మోకాలి లిగమెంట్ తెగింది, ఇక అయిపోయిందన్నారు. 2012 మే 13న మిలాన్ తరఫున ఆఖరి మ్యాచ్‌లో నొవారా మీద గెలుపు గోల్ కొట్టి మరీ వెళ్లాడు.

ఆ తర్వాత దిగాడు సర్వేయరు. 2017లో సిరీ ఆలో వీడియో రిఫరీ వచ్చాక భుజం కొన, బూటు ముక్కు కూడా గీత గీసి కొలుస్తున్నారు. గొలుసు పట్టుకుని తహసీల్దారు స్వయంగా పొలంలో నిలబడితే జానెడు జరపడం ఎవరి తరం? ఒక సంప్రదాయ వృత్తి కళ్లముందే అంతరించిపోతుంటే కళాభిమానులు చప్పుడు చేయరేం? కనీసం రోజుకో గంటైనా జెండా మనిషి కంటిచూపు మీదే మ్యాచ్ నడపాలని నా డిమాండ్.

పిప్పో ఇప్పుడు కోచ్. వెనీజియాను, బెనెవెంతోను, 2025లో పీసాను పై డివిజన్లకు చేర్చాడు. అప్పటికి పీసా సిరీ ఆ మొహం చూసి 34 ఏళ్లయింది. కోచ్ నిలబడేందుకు మైదానం అంచున చుక్కల గీతతో ఒక హద్దు ఉంటుంది, దాటితే హెచ్చరిక. అక్కడ డ్యూటీ పడ్డ నాలుగో రిఫరీ ఉద్యోగమంటే నాకు జాలి.