లస్కరు దగ్గర ట్రైనింగ్

మా అన్నయ్య కొడుకు రాయబారి కాబోతున్నాడు. అంటే, ఇంకా కాలేదు. కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితిలో నార్వే తరఫున మాట్లాడి షీల్డు గెలిచాడు, ఇప్పుడు ఢిల్లీలో అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ. ఫారిన్ సర్వీసు వస్తే ముస్సోరీలో కొన్నాళ్ళు, తర్వాత ఢిల్లీలో 1986లో పెట్టిన శిక్షణ సంస్థలో (2020లో దానికి సుష్మా స్వరాజ్ పేరు పెట్టారు) మిగతా చదువు, ఆపైన ఏదో ఒక విదేశీ భాష. ఇంత ఉందని విని మురిసిపోయి, మొన్న దాళ్వా (రెండో పంట) రోజుల్లో ఇంట్లో పెళ్ళికి పిలుపుల పని వాడికే అప్పగించాం.

రాజమండ్రిలో శుభలేఖలు అచ్చేయించి తెస్తూ, దారిలోనే కదా అని రావులపాలెంలో మా చిన్నక్కని ముందు పిలిచేశాడు. అమలాపురంలో పెద్దక్కకి వాడు చేరేలోపే ఫోనొచ్చేసింది. "పరవాలేదులే నాయనా, దారిలో ఉన్నవాళ్ళే దగ్గరివాళ్ళు" అంది.

నవ్వకండి. 1661లో లండన్ వీధిలో ఎవరి బండి ముందుండాలన్న పంతంతో ఫ్రాన్స్, స్పెయిన్ రాయబారుల మనుషులు కొట్టుకుంటే ప్రాణాలే పోయాయి. 1815లో వియన్నాలో కూర్చుని, ముందొచ్చిన రాయబారికి ముందు వరస అని రాసుకున్నారు. 1961 వియన్నా ఒప్పందం పదహారో అధికరణంలోనూ అంతే, బాధ్యతలు తీసుకున్న తేదీ, టైము చూసి వరస. మా పెద్దక్క పుట్టిన తేదీతో ఎన్నడో తేల్చేసిన విషయం ఇది. అదే ఒప్పందం తొమ్మిదో అధికరణం ప్రకారం ఏ దేశమైనా కారణం చెప్పకుండానే "ఈ రాయబారి మాకొద్దు" అనొచ్చు. కారణం చెప్పకుండా అలిగే హక్కు మా అల్లుళ్ళకి ఏ ఒప్పందమూ లేకుండానే ఉంది.

ఈ గోలలో కాలవ నీళ్ళు రాలేదు. మాది శివారు, కాలవ చివరి ఊరు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టేసి వెళ్ళాడు గానీ, పైవాళ్ళు మన వంతు నీళ్ళు కూడా తోడేసుకుంటే ఏం చెయ్యాలో చెప్పే పని కాలవ నీళ్ళు చూసుకునే లస్కర్లకి వదిలేశాడు. మావాడు గట్టు మీదకెళ్ళి ఉమ్మడి కమిటీ, ఐదు సూత్రాలు అన్నాడు. ఎగువ రైతులూ దిగువ రైతులూ ఏకమై వాడి మీద పడ్డారు, ఒక రకంగా అదీ సంధే.

అప్పుడు లస్కరు వచ్చాడు. సైకిలు స్టాండేసి, పైవాళ్ళు అరిస్తే "ఆయ్" అన్నాడు, మేం అరిస్తే మాకూ "ఆయ్" అన్నాడు. తెల్లారేసరికి మా బోదెలో నీళ్ళు. తూము ఎవరు దించారని ఎవరూ అడగలేదు, పైవాళ్ళు మాత్రం పోనీలే అని తామే వదిలామని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ "ఆయ్"కి అర్థం సరేననా, విన్నాననా? 1967లో భద్రతా మండలి 242వ తీర్మానం ఇంగ్లీషు ప్రతిలో, ఇజ్రాయెల్ ఆక్రమించిన ప్రాంతాల నుంచి వెనక్కి పోవాలని రాస్తూ 'ప్రాంతాల' ముందు ఒక్క 'ది' పెట్టలేదు. అన్నీనా, కొన్నేనా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అంత పెద్దవాళ్ళు కూర్చుని సాధించిన ఆ అస్పష్టత మా లస్కరుకి నోట్లో పుట్టింది.

కాబట్టి ప్రభుత్వం వారికి నా మనవి ఏంటంటే, ప్రొబేషనర్లకి ఎలాగూ జిల్లా శిక్షణ ఉంది కదా, దాన్ని ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా శివారు గట్టు మీద పెట్టండి. తిండికి లోటుండదు, తినలేక పారిపోతే మా పూచీ లేదు. పరీక్ష పేపర్లు పెద్దక్క దిద్దుతుంది.

మావాణ్ణి మళ్ళీ పట్టుచీరతో అమలాపురం పంపాం. సాయంత్రం ఫోన్ చేశాడు.

"బాబాయ్, చర్చలు సానుకూలంగా జరిగాయి. పెద్దత్త చాలా బాగా మాట్లాడింది."

"కార్డు తీసుకుందా?"

"తీసుకుంది. విప్పలేదు, ఫ్రిజ్ మీద పెట్టింది."

"కాఫీ ఇచ్చిందా?"

"ఇచ్చింది. పంచదార వెయ్యడం మర్చిపోయినట్టుంది."

ఫోన్ పెట్టేసి, చొక్కా వేసుకుని నేనే బయల్దేరాను.