ఒకే ఫైలు, ఇన్ని వేషాలా?

ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైల్‌ని కేబుల్ పెట్టి అమెజాన్ ఈ-రీడర్ కిండిల్‌లో వేస్తే లైబ్రరీలో అసలు కనిపించదు. అదే ఫైల్‌ని నెట్ మీద అమెజాన్ వాళ్ల సెండ్ టు కిండిల్ సర్వీసుతో పంపితే చక్కగా తెరుచుకుంటుంది! ఇదేం లెక్క? నెట్ లేకపోతే, కంప్యూటర్లో క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌తో, కిండిల్ చదవగల ఏజెడ్‌డబ్ల్యూ3 రకంలోకి మార్చుకోండి. అదీ కాపీ చేయకుండా వేసే డీఆర్ఎం తాళం లేకపోతేనే. 2024 కిండిల్ పేపర్‌వైట్‌ని మ్యాక్‌కి తగిలిస్తే డ్రైవ్‌గా రాదు, ఫైళ్లు పంపడానికి ఎంటీపీ అనే వేరే పద్ధతట. దానికింకో సాఫ్ట్‌వేర్!

ఇక తెలుగు పీడీఎఫ్‌ల గోల వేరే. డీటీపీకి వాడే అను ఫాంట్లలో కంపోజ్ చేసినదాన్ని ఈపబ్‌గా మారిస్తే మిగిలేది పిచ్చి గీతలే, లోపలున్నది యూనికోడ్ (ఏ పరికరమైనా గుర్తుపట్టే అక్షరాల కోడ్) కాదు కాబట్టి. స్కాన్ చేసినదైతే ఉత్త బొమ్మలు. ఆరంగుళాల తెరమీద అక్షరం పెద్దది చేద్దామా? కుదరదు. జూమ్ చేసి, ప్రతి లైనుకీ పేజీని అటూ ఇటూ లాక్కోవాలి. యూనికోడ్‌లో ఒక్క ఈపబ్ ఇవ్వడానికి ఏం రోగం?